కొత్తబూట్ల పరీక్ష

పిల్లలూ, కుక్క కరుస్తుంది, చీమ కుడుతుంది. వాటికి నోళ్ళున్నాయి గనక అందులో వింత లేదు. కాని చెప్పు కరిచిందంటారే, దానికి నోరెక్కడిది? పళ్ళెక్కడివి? అయినా ఒక్కసారైనా కొత్తచెప్పు కరవని మనిషి ఉండడు. పెళ్ళికి కొత్తచెప్పులు తొడుక్కుని దర్జాగా బయలుదేరి, భోజనాలవేళకు వాటిని చేత్తో పట్టుకుని తిరిగే పెద్దమనుషులను మీరూ చూసే ఉంటారు.

మా తాతల కాలంలో తోలుచెప్పులు కొంటే, ముందు వాటికి బాగా ఆముదం పట్టించేవారు. రెండు రోజులు మూలన పెట్టి, తోలు మెత్తబడ్డాకగాని కాలికి వేసేవారు కారు. ఈనాటి పరుగుబూట్లు తోలువి కావు. వాటికి ఆముదం పనిచెయ్యదు. మరి అవి మన కాలికి అచ్చివస్తాయో రావో ఎట్లా తెలుసుకోవటం? నేను ధవళేశ్వరంలో ఉంటాను, బడిలో పాఠాలు చెబుతాను, తెల్లవారుజామున గోదావరి గట్టున పరుగెత్తుతాను. ఈ మధ్య ఒక కొత్తజోడు కొని, దాన్ని ఆరు వారాలపాటు రకరకాలుగా పరీక్షించాను. ఆ పరీక్షల సంగతే మీకు చెప్పబోతున్నాను.

ముందు చెప్పు కరవటమంటే ఏమిటో చూద్దాం.

మీరు ఆత్రేయపురం పూతరేకులు తిన్నారు గదా? పూతరేకులో పలచని పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పైపొరమీద వేలు ఆనించి అటూ ఇటూ జరిపితే, పైపొర వేలితోపాటు జరుగుతుంది. అడుగుపొర ఉన్నచోటనే ఉంటుంది. రెంటికీ మధ్య సందు ఏర్పడుతుంది. మన చర్మం కూడా అట్లాగే పొరలు పొరలుగా ఉంటుంది. మనం పరుగెత్తేటప్పుడు మడమఎముక లోపల కదులుతుంది. బిగుతుగా ఆనుకున్న బూటు పైచర్మాన్ని కదలనివ్వదు. ఈ లాగులాట వందలసార్లు, వేలసార్లు జరిగేసరికి చర్మం పొరలు విడిపోతాయి. ఆ సందులోకి ఒంట్లోని నీరు చేరుతుంది. అదే బొబ్బ!

చెమట పట్టిన చర్మం పొడిచర్మంకంటే సులువుగా బొబ్బలెక్కుతుంది. తడిసిన చర్మం జారిపోక బూటును పట్టుకుంటుంది. అందుచేత లాగులాట ఎక్కువవుతుంది. మన గోదావరి సీమలో చుట్టూ నది, కాలువలు, వరిచేలు, ఆ పైన సముద్రం. గాలినిండా తేమ ఉంటుంది. పట్టిన చెమట ఒకపట్టాన ఆరదు. కనక మన ప్రాంతంలో పరుగెత్తేవారికి బూటు కరిచే అవకాశం మరీ ఎక్కువ.

వీధిచివరి కొట్టుదాకా పోయి వస్తే బూటు ఏమీ చెయ్యదు. దూరపు పరుగులోనే దాని గుట్టు బయటపడుతుంది. ఎందుకో లెక్కవేసి చూడండి. ఒక్కొక్క అంగకు ఒక మీటరు సాగుతామనుకుంటే, 10 కిలోమీటర్లకు 10,000 అంగలు వెయ్యాలి. అంటే ఒక్కొక్క పాదం 5,000 సార్లు నేలమీద పడుతుంది. పడినప్పుడల్లా దానిమీద మన బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. 50 కిలోల మనిషైతే 100 కిలోలకు తక్కువ కాదు. అంటే నాలుగు పాతిక కిలోల బియ్యపు బస్తాలన్నమాట! ఈ భారాన్నంతా మోసే పాదంలో 26 చిన్నచిన్న ఎముకలున్నాయి. మన ఒంట్లో ఉన్న 206 ఎముకలలో పావువంతు మన రెండు పాదాలలోనే ఉన్నాయి.

ఈ దెబ్బను కాస్త తగ్గించటానికే బూటు అడుగున మెత్తని నురుగుదిమ్మ పెడతారు. ఇడ్లీపిండి పులిసినప్పుడు లోపల గాలిబుడగలు పుట్టి, ఇడ్లీ గుల్లగా వస్తుంది గదా? ఈ దిమ్మకూడా అటువంటిదే. కరిగించిన ప్లాస్టిక్‌లో లెక్కలేనన్ని బుడగలు పుట్టించి దాన్ని తయారుచేస్తారు. పాదం పడగానే బుడగలు అణుగుతాయి, పాదం లేవగానే మళ్ళీ పొంగుతాయి. అయితే వేలసార్లు అణిగి పొంగి అవి అలిసిపోతాయి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక దిమ్మ గట్టిపడుతుంది. పైకి బూటు కొత్తదానిలాగే ఉండవచ్చు. లోపల సత్తువ ఉండదు. నేను ఏ రోజు ఎంత పరుగెత్తానో ఒక పుస్తకంలో రాస్తాను. పాతబూట్ల లెక్క 700 కిలోమీటర్లు దాటింది. చలికాలంలో 21 కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలని నా కోరిక. అందుకే కొత్తజోడు కొన్నాను.

కొనటానికి సాయంత్రంవేళ వెళ్ళాను. పగలంతా నిలబడి, నడిచి, పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి. పరుగులోనూ అట్లాగే ఉబ్బుతాయి. పొద్దున సరిగ్గా సరిపోయిన బూటు, పది కిలోమీటర్లు పోయేసరికి బిగుతు కావచ్చు.

మొదటి పరీక్ష ఇంట్లోనే జరిగింది. పరుగుకు వాడే మేజోళ్ళు తొడిగి, బూట్లు వేసుకుని, లేసులు కట్టి నిలబడ్డాను. కూర్చుని చూడకూడదు, నిలబడితే పాదం సాగుతుంది. అన్నిటికంటే పొడుగైన వేలికీ, బూటు ముందుభాగానికీ మధ్య బొటనవేలి వెడల్పంత చోటున్నది. మడమ లేచి పడటంలేదు. ఆ విధంగా గంటసేపు ఇంట్లో తిరిగాను. ఎక్కడా ఒరుసుకోలేదు.

రెండో పరీక్ష గట్టుమీద. మొదటిరోజు 3 కిలోమీటర్లే పరుగెత్తాను. మర్నాడు మళ్ళీ పాతబూట్లు. ఆ మర్నాడు కొత్తవి. ఇట్లా మార్చి మార్చి వాడటానికి ఒక కారణం ఉన్నది. ప్రతి బూటులోనూ మడమకింద ఎత్తు ఒకే తీరుగా ఉండదు. ఎత్తు మారితే పిక్కలోని కండరాలు చేసే పని కూడా మారుతుంది. కొత్తపని వాటికి కొద్దికొద్దిగా అలవాటు కావాలి. మొదటి వారంలో నా పిక్కలు కొంచెం పట్టినట్టుండి, రెండో వారానికి సర్దుకున్నాయి.

మూడో వారంలో దూరం 8 కిలోమీటర్లకు పెంచాను. ఆనాడు ధవళేశ్వరం నుంచి గట్టు వెంబడి రాజమండ్రి వైపు పోయి తిరిగివస్తూంటే, ఎడమమడమ వెనక చురుక్కుమన్నది. విప్పి చూస్తే రూపాయంత మేర ఎర్రగా కందింది. మడమ లోపల కాస్త కదులుతున్నదన్నమాట. బూటులో లేసులకోసం చిట్టచివర, చీలమండ దగ్గర ఒక రంధ్రం అదనంగా ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. అది ఊరికే పెట్టింది కాదు. లేసును అదేవైపు పైరంధ్రంలోకి దూర్చితే చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. రెండు పక్కలా ఇట్లా చేసి, ఒకవైపు లేసును రెండోవైపు ఉచ్చులోనుంచి తీసి బిగిస్తే, మడమ కదలకుండా కూర్చుంటుంది. ఆ తరవాత నాకు అక్కడ మళ్ళీ కందలేదు.

మూడో పరీక్ష వాన పెట్టింది. తడిసిన నేలను బూటు ఎట్లా పట్టుకుంటుందో తెలుసుకోకుండా దూరపు పరుగుకు పోకూడదు. తడిసిన సిమెంటురోడ్డుమీద కొత్తబూటు బాగానే నిలిచింది. నీటిలో నానే రేవుమెట్ల దగ్గర మాత్రం పాచిమీద జారింది. అక్కడ ఏ బూటైనా జారుతుంది. కాలువగట్టు పక్కనున్న నల్లమట్టి సంగతి మీకు తెలుసుగదా? నాలుగడుగులు వేసేసరికి ఒక్కొక్క కాలికి ఒక్కొక్క ముద్ద! ఇంటికి వచ్చి, వంటింటి కాటామీద మట్టిబూటు ఒకవైపు, కడిగి ఆరబెట్టిన తరవాత అదే బూటు ఒకసారి తూచి చూశాను. తేడా చూసి మా ఇంట్లో అందరూ నవ్వారు. కాని అది నవ్వి ఊరుకునే సంగతి కాదు. ఒక్కొక్క బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే, పరుగుకు అయ్యే శక్తి నూటికి సుమారు ఒక వంతు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కాలిచివర మోసే బరువు, వీపున మోసే బరువుకంటే ఖరీదైనది.

తడిసిన బూట్లను పొయ్యి దగ్గరగాని, మండుటెండలోగాని పెట్టకండి. అతుకులు ఊడతాయి. లోపల పాత వార్తాపత్రిక కాగితాలు కుక్కి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. కాగితాలు తడి పీల్చుకుంటాయి.

ఆఖరి పరీక్షకు నేను బారేజిని ఎంచుకున్నాను. 1847లో మొదలుపెట్టి 1852లో సర్ ఆర్థర్ కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట గురించి మీరు పాఠాలలో చదివే ఉంటారు. దాని స్థానంలో తరవాత కట్టినదే ఇప్పటి బారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని దానికి నాలుగు భాగాలున్నాయి. అన్నీ కలిపి 175 తలుపులు. మధ్యమధ్య లంకలు. తూర్పున బయలుదేరి విజ్జేశ్వరం దాకా పోయి తిరిగివస్తే పదకొండు కిలోమీటర్లకు పైనే అవుతుంది. దారి పొడుగునా గట్టినేల, చల్లనిగాలి, పక్కన గోదావరి. అటువంటిచోట కాలు తప్ప మరేదీ ఇబ్బంది పెట్టదు. అందుచేత బూటు తప్పొప్పులు స్పష్టంగా తెలుస్తాయి. విజ్జేశ్వరం చేరేసరికి పాదాలు ఉబ్బి, పైన లేసులు ఒత్తుకున్నాయి. ఒక్క నిమిషం ఆగి మధ్యలేసులను వదులుచేశాను. తిరుగుదారిలో కాళ్ళ సంగతే గుర్తుకు రాలేదు. కాళ్ళు గుర్తుకు రాకపోవటమే మంచిబూటుకు గుర్తు. ఆ రోజున నా పుస్తకంలో ఈ బూట్ల పేరుకు ఎదురుగా ‘నెగ్గింది’ అని రాసుకున్నాను.

‘మరి బూట్లు లేకుండా పరుగెత్తేవాళ్ళ మాటేమిటి?’ అని మీలో కొందరు అడగవచ్చు. మంచిప్రశ్నే. 1960లో రోము నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలకు ఇథియోపియానుంచి అబెబె బికిలా అనే సైనికుడు వచ్చాడు. అతను పరుగెత్తవలసింది మారథాన్ పరుగు, 42 కిలోమీటర్లకు పైచిలుకు. అక్కడ దొరికిన కొత్తబూట్లు అతని కాలికి సరిగా అమరలేదు. అతనికి తన దేశంలో ఉత్తకాళ్ళతో పరుగెత్తే అలవాటు ఉన్నది. అమరని బూట్లకంటే అలవాటైన ఉత్తకాళ్ళే మేలనుకుని, బూట్లు లేకుండా బయలుదేరాడు. చీకటిపడ్డాక, దివిటీల వెలుగులో, రాళ్ళు పరిచిన ప్రాచీనమైన దారిలో అందరినీ దాటిపోయి, 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచాడు. అంతకుముందు ఎవరూ మారథాన్‌ను అంత త్వరగా ముగించలేదు. నాలుగేళ్ళ తరవాత, 1964లో టోకియోలో అతను మళ్ళీ మారథాన్ గెలిచాడు. ఈసారి బూట్లు తొడుక్కునే! బూట్లున్నాయా, లేవా అన్నది కాదు ముఖ్యం. పందెంనాడు అతని పాదానికి తెలియని వస్తువేదీ పాదం దగ్గర లేదు.

మన దేశపు శివనాథ్ సింగ్ కూడా తరచు ఉత్తకాళ్ళతోనే పరుగెత్తేవాడు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో అతను పదకొండోవాడుగా వచ్చాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ ముగించి అతను నెలకొల్పిన జాతీయ రికార్డు నలభై ఏళ్ళకు పైగా చెక్కుచెదరలేదు. అట్లా అని మీరు రేపే చెప్పులు విప్పేసి ఎండిన తారురోడ్డుమీద పరుగెత్తకండి. ఆ పాదాలు ఏళ్ళ తరబడి అలవాటుపడినవి.

ఇప్పుడు మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక తాపీమేస్త్రి ఉన్నాడు. అతని కూతురు తొమ్మిదో తరగతి. పాత కాన్వాసుబూట్లతో కాలువగట్టున నాకంటే వేగంగా పరుగెత్తుతుంది. ఆ అమ్మాయిని జిల్లా పోటీలో 3,000 మీటర్ల పరుగుకు ఎంపిక చేశారు. పోటీ శనివారం. బుధవారం సాయంత్రం మేస్త్రి ఆనందంగా కొత్తబూట్లు కొనితెచ్చాడు. మూడురోజుల కూలి ఆ బూట్లకిందే పోయింది.

గురువారం తెల్లవారకముందే ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడింది. ‘‘మాస్టారూ, కొత్తబూట్లలో నా కాలు ఈదుతోందండి. నాన్నకు చెబితే బాధపడతాడండి. శనివారం వాటితోనే పరుగెత్తెయ్యనా అండి?’’ అని అడిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పందెం పోతుందన్న భయం ఒకటి, తండ్రి మనసు నొచ్చుకుంటుందన్న భయం ఒకటి.

నేను అవునని గాని కాదని గాని అనలేదు. ‘‘మీ నాన్నను కూడా గట్టుమీదికి తీసుకురా అమ్మా. బూట్లకు పరీక్ష పెడదాం,’’ అన్నాను.

మేస్త్రి వచ్చాడు. ‘‘ఎదిగే పిల్ల కదండీ మాస్టారూ! రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దదే ఇమ్మన్నానండి,’’ అన్నాడు.

‘‘మంచిది మేస్త్రిగారూ. ఒక కిలోమీటరు పరుగెత్తనిచ్చి, మీరే చూడండి,’’ అన్నాను.

అమ్మాయి పోయి తిరిగివచ్చి బూట్లు విప్పింది. రెండు మడమలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మేస్త్రి గట్టుమీద చతికిలబడి, కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత బూటు చేతిలోకి తీసుకుని, ‘‘స్లాబు వేసిన మర్నాడే దానిమీద బరువు పెట్టనిస్తామా అండి? నీళ్ళు పెట్టాలి, తడపాలి, ఆగాలి. ఇదీ అంతేనన్నమాట. సైజు తప్పితే తడిపినా లాభంలేదు. శనివారం పాతవాటితోనే పరుగెత్తు తల్లీ,’’ అన్నాడు. పిల్ల ముఖం విప్పారింది.

ఆ సాయంత్రమే అతను బూట్లు శుభ్రంగా తుడిచి కొట్టుకు తీసుకుపోయాడు. కొట్టువాడు మంచివాడు, జరిగింది విని, ఒక సైజు చిన్నవి మార్చి ఇచ్చాడు. అయినా శనివారం వాటిని పెట్టెలోంచి తియ్యలేదు.

పోటీలో ఆ అమ్మాయికి నాలుగోస్థానం వచ్చింది. పతకం రాలేదు. మూడో పిల్లకూ ఆమెకూ మధ్య దూరం పది అడుగులు కూడా లేదట. ఆదివారం ఒక్కరోజు విశ్రాంతి తీసుకుని, సోమవారం తెల్లవారేసరికి గట్టుమీద ప్రత్యక్షమైంది. కొత్తబూట్లు తొడుక్కుని ఉన్నది. ‘‘ఇవాళ రెండు కిలోమీటర్లేనండి మాస్టారూ, మొదటి పరీక్ష!’’ అన్నది. మడమలు బొబ్బలెక్కి ఉంటే ఆ సోమవారం ఆమె మంచంమీద ఉండేది.

పిల్లలూ, పరుగెత్తినా పరుగెత్తకపోయినా మీరందరూ చెయ్యదగిన పరీక్ష ఒకటున్నది. సాయంత్రంపూట ఒక తెల్లకాగితం నేలమీద పరిచి, దానిమీద నిలబడండి. మరొకరిచేత మీ పాదం చుట్టూ పెన్సిలుతో గీయించండి. రెండు పాదాలూ గీయించాలి. చాలామందికి ఒక పాదం రెండోదానికంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఆ గీతల వెంట కత్తిరించి, మీ బడిబూటుమీద పెట్టి చూడండి. కాగితం బూటు అంచు దాటి వస్తే, మీ వేళ్ళు రోజంతా లోపల ముడుచుకుని ఉంటున్నాయన్నమాట. కాగితంమీద తేదీ రాసి దాచుకోండి. మూడు నెలల తరవాత మళ్ళీ గీసి, పాతదానిమీద పెట్టి చూస్తే, మీరు ఎంత ఎదిగారో మీకే తెలుస్తుంది.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. ఎదిగే పిల్లలకు వేళ్ళముందు బొటనవేలి వెడల్పు చోటు చాలు. రెండేళ్ళకోసమని కొన్న బూటు మొదటి ఏడాది వదులు, రెండో ఏడాదికి అరిగిపోయినది. కొత్తబూట్లు ఆటలపోటీ వారంలో కాక, రెండు మూడు వారాలు ముందుగా కొనండి. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రంవేళ పిల్లవాడిని వెంటబెట్టుకునే కొట్టుకు వెళ్ళండి.